అర్దియా ఇంట్లో బోబ్ గింజలు

కువైట్ వెళ్ళివచ్చానంటే అందరూ బంగారం తెచ్చావా, ఖర్జూరాలు తెచ్చావా అని అడుగుతున్నారు. ఖర్జూరాలు తెచ్చాను, పంచేశాను, అయిపోయాయి. ఇక మిగిలింది ఈ కబురే. అక్కడికి వెళ్ళనివాళ్ళ కోసం రాస్తున్నాను. వెళ్ళినవాళ్ళు తప్పులు పడతారని తెలుసు, పట్టనీండి.

నాకు పుట్టుకతో వచ్చిన జబ్బు అనుమానం. పాలు చిక్కగా ఉంటే పిండి కలిపారేమో అనుకుంటాను, పల్చగా ఉంటే నీళ్ళు కలిపారంటాను. ఆపైన విశాఖ ఉక్కు కర్మాగారంలో రష్యన్ ఇంజనీర్లకీ మనవాళ్ళకీ మధ్య దుబాసీగా ఉద్యోగం చేశాను. ఇద్దరూ నా నోటివైపే చూసేవారు, ఇద్దరూ నన్నే అనుమానించేవారు. అలాంటి ఉద్యోగం చేసి రిటైరైన మనిషికి జబ్బు ముదరకుండా ఎలా ఉంటుంది?

అందుకే మా చెల్లెలి కొడుకు శ్రీను ఉన్నట్టుండి కువైట్‌కి టికెట్ పంపితే నాకు సంతోషం కంటే ముందు శంక కలిగింది. "ఊరికే చూసెళ్దువుగాని రా పెద్దమ్మా" అన్నాడు ఫోన్లో. ఇన్నేళ్ళుగా ఊరికే రమ్మనని వాడు ఇప్పుడెందుకు రమ్మంటున్నాడు? కోనసీమ వాడు కొబ్బరికాయ ఊరికే ఇస్తాడేమో గాని విమానం టికెట్ ఇస్తాడా?

అహ్మది

విమానం దిగగానే మొదటి అనుమానం వాళ్ళ డబ్బు మీద. దినార్‌కి వెయ్యి ఫిల్సులట. మన రూపాయికి వంద పైసలుంటేనే లెక్క తప్పేది, వెయ్యి పెట్టుకుని వీళ్ళెలా బతుకుతున్నారో! నీళ్ళ సీసా కొంటే కొట్టువాడు చిల్లర చేతిలో పోశాడు. నేను అక్కడే నిలబడి లెక్కపెట్టుకున్నాను. సరిగ్గానే ఉంది, అయినా రెండోసారి లెక్కపెట్టాను.

శ్రీను ఉండేది అహ్మదిలో. చమురు కంపెనీ ఊరు. ఎడారి అనుకుని వెళ్ళిన నాకు వీధివీధికీ చెట్లు, ఇంటింటికీ పచ్చగడ్డి కనిపించాయి. ఈ గడ్డికి నీళ్ళెక్కడివి అని అడిగితే సముద్రం నీళ్ళలో ఉప్పు తీసేస్తారన్నాడు. తీసిన ఉప్పు ఎక్కడ పెడతారని అడిగాను. వాడికి తెలియదు.

వాడి భార్య సెలవుకి ఊరెళ్ళింది. ఇంట్లో వాడే వంట. అన్నం, పప్పుచారు, వేయించిన అప్పడాలు. ముందురోజు రాత్రి అన్నం కూడా పెట్టకుండా నిద్రపుచ్చిన విమానం వాళ్ళను తిట్టుకుంటూ కడుపునిండా తిన్నాను. చెయ్యి కడుక్కుంటూ ఉండగా వాడు మెల్లగా కదిపాడు.

"పెద్దమ్మా, నీకు రష్యన్ ఇంకా గుర్తుందా?"

"అదీ సంగతి! చెప్పు, ఎవడికి దుబాసీ కావాలి?"

"అబ్బే, అలాగంటావేంటి! నిన్ను చూడాలనే పిలిచేను. ఇది మధ్యలో వచ్చిన పని."

"నా దగ్గర నీ పప్పులుడకవు గాని, అసలు విషయం చెప్పు."

వాడు చెప్పిందిది. వాడి పై అధికారి ఒక కువైటీ, అందరూ అబూ ఫహద్ అంటారు. అర్దియా అనే పేటలో ఇల్లు. ఆయన తండ్రి రష్యాలో ఇంజనీరింగ్ చదివి, మొదటి భార్య పోయాక చాలా ఏళ్ళకి అక్కడి స్నేహితురాలినే రెండో పెళ్ళి చేసుకుని తెచ్చుకున్నాడు. ఆవిడ పేరు గలీనా. పిల్లలు లేరు. ఇన్నేళ్ళలో అరబ్బీ గలగలా మాట్లాడేది. భర్త పోయాడు. పోయిన ఏడాది ఆవిడకి పక్షవాతం వచ్చింది. చెయ్యి, కాలు కొంత తిరిగొచ్చాయి గాని అరబ్బీ తిరిగి రాలేదు. నోరు తెరిస్తే రష్యనే. కొన్నాళ్ళుగా రెండు గుక్కల పాలు తప్ప అన్నం ముట్టుకోవడం లేదు. 'బబీ, బబీ' అంటూ ఏడుస్తోంది. ఫోన్లో వెతికితే చిక్కుడు గింజలని వచ్చిందట. పాపం, పూటపూటకీ వండి పెట్టారు. ఆవిడ పళ్ళెం తోసేసింది.

"సరే, దీనికి నేనెందుకు? డాక్టరుంటాడు గదా."

"ఆవిణ్ణి చూసుకునే పనావిడ మన తెలుగావిడ పెద్దమ్మా. లక్షుమ్మ. రాయచోటి దగ్గర. ఆవిడేదో మంత్రాలు చేసి ముసలావిడ తిండి కట్టేసిందని ఆ ఇంట్లో అనుకుంటన్నారు. ఇక్కడ దాన్ని సిహర్ అంటారు, పెద్ద నేరం. పోలీసులకి అప్పజెప్పేత్తారు. అబూ ఫహద్ మంచోడు, ముసలావిడేం అంటుందో ఒక్కసారి విని అప్పుడు ఫోను చేత్తానన్నాడు."

టికెట్ డబ్బులు ఎవరు పెట్టారో అప్పుడర్థమైంది. శ్రీనుని నాలుగు తిట్టాను. తిడుతూనే రేపు ఎన్నింటికి వెళ్ళాలని అడిగాను.

బోబ్ అనే మాట

పొద్దున్న అర్దియాకి వెళ్ళే దారిలో శ్రీను కారాపి బండి మీద రెండు కప్పులు కొన్నాడు. ఒకదానిలో ఉప్పూ నిమ్మకాయా వేసి ఉడికించిన శనగలు, నఖీ అంటారు. రెండోదానిలో బొటనవేలంత చిక్కుడు గింజలు, బాజిల్లా. పావు దినార్‌కి కప్పు. గింజకి తోలు వలుచుకుని తినాలి. మన సముద్రపు ఒడ్డు శనగలకి తాలింపు, పచ్చిమామిడి ఉంటాయి, వీటికి లేవు. అయినా కప్పు ఖాళీ చేశాను.

ఆ రెండో కప్పులోదే రష్యన్ వాళ్ళ బోబ్. రాయడం బోబ్, పలకడం బోప్. ఎక్కువైతే బబీ. స్లావ్ భాషలన్నిటిలోనూ దాదాపు ఇదే మాట. లాటిన్‌లో ఫాబా అనే చిక్కుడుకి ఇది చుట్టమంటారు. ఎలా చుట్టం అంటే, ఉబ్బిన దానికి పెట్టిన పేరని కొందరు. ఐరోపాలో వీళ్ళకంటే ముందున్న, పేరు కూడా తెలియని భాషనుంచి ఇద్దరూ అరువు తెచ్చుకున్నారని మరికొందరు. నాకు రెండోవాళ్ళ మీదే కాస్త గురి, తెలియదని ఒప్పుకుంటారు గనక. బఠానీని వాళ్ళు గొరోఖ్ అంటారు. అది మన ఘర్షణకి బంధువట, రాపిడి పెట్టి పిండి చేస్తారు కాబట్టి. ఇది వినడానికి మరీ బాగుంది, అందుకే నేను పూర్తిగా నమ్మను.

వ్యాకరణంలో ఇంకో తిరకాసు ఉంది. గొరోఖ్ బస్తాడున్నా ఏకవచనమే. మనకి తలకిందులు: కందులు, పెసలు, శనగలు, ఎప్పుడూ బహువచనం, ఉడికి పప్పయితేనే ఒకటవుతాయి. బోబ్ మాత్రం లెక్కకి లొంగుతుంది. ఒకటైతే బోప్. రెండు నుంచి నాలుగు దాకా బబా. అయిదు నుంచి బబోఫ్. ఇరవై దాటి ఒకటి చేరితే మళ్ళీ ఏకవచనం, బోప్! ఉద్యోగంలో చేరిన కొత్తలో ఈ లెక్కకి నేను ఏడ్చినంత పని చేశాను.

ఇదంతా శ్రీనుకి దారిపొడుగునా చెప్పాను. "ఇయ్యన్నీ ఆవిడ దగ్గర చెప్పు పెద్దమ్మా, అన్నం తింటుందేమో" అన్నాడు వెధవ.

అర్దియా

పెద్ద ఇల్లు. మగవాళ్ళు కూర్చునే గదికి వేరే వాకిలి. శ్రీనుని అక్కడ కూర్చోబెట్టి చిన్న గాజు గ్లాసులో టీ ఇచ్చారు. గ్లాసు అడుగున పంచదార కనపడుతోంది. అబూ ఫహద్ యాభై దాటిన మనిషి, మడమల దాకా తెల్లటి దిష్‌డాషా, కళ్ళ కింద నల్లటి వలయాలు. ఇంగ్లీషులో మర్యాదగా మాట్లాడాడు గాని నన్ను కిందనుంచి పైకి చూశాడు. తెలుగావిడ తెలుగావిడనే కాపాడుతుందని అతని అనుమానం. ఆ చూపు నాకు బాగా తెలుసు.

ముందు తన ఫోన్లో వీడియో చూపించాడు. హాల్లో ఉన్న కెమెరాది. కుర్చీలో ముసలావిడ. వెనకనుంచి ఒకావిడ వచ్చి చేతిలో గుడ్డమూటతో ఆవిడ చుట్టూ మూడుసార్లు తిప్పింది, థూ థూ అంది. ఆ తర్వాత గేటు కెమెరాలో అదే మనిషి మూట పట్టుకుని వీధి చివరికి నడిచి, మూడు రోడ్లు కలిసేచోట విదిలించి, వెనక్కి తిరిగి చూడకుండా వచ్చేసింది.

"ఒకసారి కాదు. చాలా రోజులు చేసింది. మేం వెళ్ళి చూస్తే అక్కడ గింజలు. వంటింటికి తాళం వేయించాను. ఆ రోజునుంచి మా పిన్ని తినడం మానేసింది. ఇప్పుడు చెప్పండి."

తిప్పి ఉమ్మడం దిష్టి తీయడమేనని చూడగానే తెలిసింది. కానీ దిష్టికి ఉప్పు, ఎండు మిరపకాయలు తిప్పుతారు గాని చిక్కుడు గింజలేంటి? మా గోదావరి వైపు నేను ఎరగను. రాయలసీమలో చేతబడికి గింజలు వాడతారేమో నాకేం తెలుసు? మన తెలుగు మనిషి కదా అని వెనకేసుకొస్తే పప్పులో కాలేసినట్టవుతుంది. ముందు ఆవిడతో మాట్లాడతానన్నాను.

లక్షుమ్మ వంటింటి పక్క గదిలో ఉంది. నలభై ఏళ్ళుంటాయి. తలకి గుడ్డ కట్టుకుని, పొడుగు గౌనులో ఉంది. నా తెలుగు వినగానే కళ్ళనీళ్ళు పెట్టుకుంది. నాకు కన్నీళ్ళ మీద కూడా నమ్మకం తక్కువ.

"ఏం తిప్పావమ్మా ఆవిడ చుట్టూ? నిజం చెప్పు. అబద్ధమైతే నేనే ముందు చెప్పేస్తాను."

"నా బిడ్డ మింద ఒట్టు మేడం, నేనేం చెడ్డ చేయల్యా. మామా, అదే ఈ ఇంటి పెద్దామె, ఆయమ్మ పక్కలో తెల్లారి లేసి చూస్తే గింజలు మేడం! కుప్పలు కుప్పలుగా, మూడు వరసల్లో పెట్టినట్టు. ఎవురో మామాకు చేతబడి చేసినారనుకున్యా. మా పక్క ఊర్లల్లో అట్లనే పెడతారు. ముట్టుకుంటే నాకు తగులుతాదని బయమే. అయినా ఆ యమ్మకేమన్నా అయితే? ఆ గింజల్నే గుడ్డలో కట్టి, దిష్టి తీసి, మూడు దావల్లో పోసొచ్చినా. మల్లా రోజు మల్లా ఉండ్య. మల్లా పోసొచ్చినా."

"ఇంట్లోవాళ్ళకి చెప్పొచ్చు కదా?"

"ఏమని చెప్పేది? మీ ఇంట్లోనే ఎవురో చేసినారని చెప్పేదా? నాకొచ్చే అరబ్బీ ఎంత మేడం, యల్లా అంటే పద, ఖలాస్ అంటే అయిపాయ, ఇంగ నీళ్ళు, అన్నం. పోలీసోళ్ళు వస్తే యాడికి తీస్కపోతారో ఏమో."

మాటలో తడబాటు లేదు. కానీ అలా చెప్పగలిగినవాళ్ళని చాలామందిని చూశాను. అయితే గింజలు పెడుతున్నదెవరు? ఇంట్లో అబూ ఫహద్ భార్య, ఇద్దరు పిల్లలు, డ్రైవరు. వరసగా ఒక్కొక్కరినీ మనసులో నిలబెట్టి చూశాను. అందరి మీదా అనుమానం వచ్చింది.

ఆ తర్వాత గలీనా గదికి వెళ్ళాను. తెల్లటి జుట్టు, ఒకవైపు జారిన పెదవి. రష్యన్‌లో నమస్కారం చెప్పి, పేరు చెప్పుకున్నాను. ఆవిడ నా చెయ్యి పట్టుకుని వదల్లేదు. ఎన్నాళ్ళకి తన మాట తనకి తిరిగి వినిపించిందో!

"బబీ" అంది.

పక్కనున్న పళ్ళెం చూపించాను. ఉడికించిన చిక్కుళ్ళు, పైన ఆలివ్ నూనె. ఆవిడ మొహం చిట్లించి, "ఉడికినవి!" అంది అసహ్యంగా. ఇంకేదో చెప్పబోయింది, మాట అందలేదు. విసుగొచ్చి మంచి చేతిని దుప్పటి మీద పెట్టింది. ఏమీ లేని దుప్పటి మీద వేళ్ళతో ఏదో పోసి, మూడు భాగాలు చేసింది. ఒక్కో భాగంలోంచి నాలుగు నాలుగు చొప్పున తీసేసింది. మిగిలింది పక్కన పెట్టింది. మళ్ళీ మొదలుపెట్టింది.

కర్మాగారం రోజుల్లో గెస్ట్‌హౌస్‌లో ఒక ఇంజనీరు భార్య టేబుల్ మీద ఇలాగే చేసేది. బోబ్ గింజలతో సోది! నలభై ఒకటి ఉండాలి, ఉడికించని ఎండు గింజలై ఉండాలి, మూడు వరుసలుగా పరిచి జరగబోయేది చూసుకుంటారు. పై వరుస తల, నడిమిది గుండె, కిందిది కాళ్ళు, రాకపోకలు చెప్పేది. రష్యన్ పల్లెల్లో ముసలమ్మలందరికీ తెలిసిన విద్యే. అంటే తెల్లవారకముందే గోడ పట్టుకుని వెళ్ళి వంటింట్లో డబ్బాలోంచి గింజలు తెచ్చుకుంటున్నది ఈవిడే. లక్షుమ్మ వాటిని చేతబడి అనుకుని పారబోస్తోంది. తాళం పడ్డాక గింజల్లేవు, దాంతో ఈవిడ అలిగి తిండి మానేసింది.

ఊహ బాగానే కుదిరింది. మరీ బాగా కుదిరినవాటిని నేను నమ్మను కదా. పరీక్షించి చూడాలనుకున్నాను.

సులైబియా

మర్నాడు శ్రీనుని సులైబియా తీసుకెళ్ళమన్నాను. ఊరికి పడమర, అన్నీ గోడౌన్లు, లారీలు, దుమ్ము. ఆ ఇంటి వంటింట్లో గింజలడిగితే నేనూ ఆ జట్టే అనుకుంటారని భయం. ఒక గోడౌన్ ముందు బస్తాలు వరసగా తెరిచి పెట్టారు. ఎర్ర కందిపప్పు, తెల్ల శనగలు, నల్ల మచ్చ ఉన్న బొబ్బర్లు. చూస్తే ఇల్లు గుర్తొచ్చింది. కొట్టాయన ఈజిప్టువాడు. అరకిలో అడిగితే నవ్వి, ఇక్కడ బస్తాలే అమ్ముతామన్నాడు. శ్రీను హిందీలో అక్కడి హమాలీని బతిమాలాడు. అతను దోసిట్లో తీసి సంచిలో పోశాడు. డబ్బు ఇవ్వబోతే కొట్టాయన వద్దన్నాడు.

"ఎందుకు వద్దంటున్నాడు? పుచ్చులున్నాయేమో చూడరా" అన్నాను.

"నువ్వు ముసలిదానివి కదా అని ఇచ్చేడు పెద్దమ్మా! ప్రతిదానికీ శంకేనా? దేవుడెదురైనా ఆధార్ కార్డు అడిగేలా ఉన్నావు."

కారులో కూర్చుని ఒక్కొక్క గింజా చూశాను. ఒకటీ పుచ్చులేదు.

మళ్ళీ అర్దియా

సంచి గలీనా ఒళ్ళో పెట్టగానే ఆవిడ మొహం మారిపోయింది. ఒక్కొక్కటీ ఏరింది. "సోరక్ అదీన్ బోప్" అని తనలో తను అనుకుంది, నలభై ఒక్క బోబ్ అని. గింజలు పెదవుల దగ్గర పెట్టుకుని ఏదో గొణిగి దుప్పటి మీద పరిచింది. మూడు వరుసలూ పూర్తయ్యాయి. కింది వరుస వైపు వంగి చాలాసేపు చూసింది.

అప్పుడు తలుపు దగ్గర అలికిడైంది. అబూ ఫహద్! ఎంతసేపటినుంచి నిలబడ్డాడో తెలియదు. చేతిలో ఫోను ఉంది. అతని వెనక గోడకి ఆనుకుని లక్షుమ్మ.

"ఏం చేస్తోందీవిడ?"

నిజం చెబితే? జోస్యం ఆ ఇంట్లో పాపం. సిహర్ చేస్తున్నది పనిమనిషి కాదు, మీ పిన్నే అని చెప్పినట్టవుతుంది. చెప్పకపోతే సాయంత్రానికి లక్షుమ్మ పోలీసు బండిలో ఉంటుంది. ఇంజనీర్లు ఒకరినొకరు తిట్టుకున్నప్పుడు కూడా నేను తిట్టు మార్చకుండా చెప్పినదాన్ని. నా వృత్తిలో మార్చడం దొంగతనం.

మార్చాను.

"లెక్కలు చేసుకుంటోంది" అన్నాను. "వాళ్ళ ఊళ్ళో పిల్లలు గింజలతోనే కూడికలు నేర్చుకుంటారు. చేతికి కూడా వ్యాయామం. రోజూ తెల్లవారుజామున ఈవిడే వంటింట్లోంచి తెచ్చుకునేది. తాళం వేశాక దొరక్క అలిగింది."

"మరి ఆ మనిషి తిప్పి పారేసిందెందుకు?"

దీనికి అబద్ధం అక్కర్లేదు. "ఆవిడకి అవేమిటో తెలియక భయపడింది. మీ పిన్నికి ఎవరి కన్నో తగిలిందనుకుంది. మీరు ఐన్ అంటారు కదా, అది. మా దేశంలో అలా తిప్పి తీసేస్తాం. మా గుమ్మాలకి పటిక కూడా కడతాం, కన్ను తగలకుండా."

"పటికా?" అన్నాడు. నాకు ఇంగ్లీషు మాట తోచక తెల్లటి రాయి అని, మంగలి గడ్డం గీశాక రాస్తాడే అదని చేతులతో చూపించాను.

అతను గోడవైపు చూశాడు. "మా అమ్మ దాన్ని నిప్పుల మీద కాల్చేది. నాకు జ్వరమొస్తే నా చుట్టూ తిప్పి కాల్చేది. కరిగిన రూపు చూసి, ఇదిగో నీ మీద పడ్డ కన్ను అనేది." నావైపు తిరిగి, "మీరు చెప్పిందంతా నిజమేనా?" అన్నాడు.

"నా మీద నాకే అనుమానం ఎక్కువ, మీ ఇష్టం" అన్నాను.

నా కళ్ళలోకి సూటిగా చూశాడు. నమ్మాడో లేదో ఇప్పటికీ నాకు తెలియదు. కానీ ఫోను జేబులో పెట్టుకుని, లక్షుమ్మతో అరబ్బీలో రెండు ముక్కలు చెప్పి వెళ్ళిపోయాడు. వంటింటి తాళం తీసేయమన్నాడట, తర్వాత చెప్పింది.

లక్షుమ్మ కొంగులేని గౌనులో కొంగు కోసం వెతుక్కుని, తలగుడ్డతో మొహం తుడుచుకుంది. వెళ్ళి గిన్నెలో వేడి సూపు తెచ్చింది. ఈలోగా నేను గలీనాని అడిగాను, ఇన్నాళ్ళూ గింజల్ని ఏమడిగారు అని.

ఆవిడ లక్షుమ్మని చూపించి మాటలు కూడదీసుకుంది. "ఈమె వెళ్ళిపోతుందా, ఉంటుందా అని. రోజూ ఉంటుందనే వస్తుంది. మర్నాడు గింజలే ఉండవు. నమ్మకం పోయి మళ్ళీ అడుగుతాను."

"ఏమంటాంది మేడం మామా?" అంది లక్షుమ్మ.

చెప్పాను. ఆమె చేతిలో గిన్నె ఆగిపోయింది. వెంటనే కోపం వచ్చింది.

"గింజల నడిగేదేంది మామా? ఈ ఇంట్లోనే పండుకుంటా గదా! నన్నడగగూడదా?"

రష్యన్‌లోకి మార్చాను. గలీనా పెదవి ఒకవైపే నవ్వింది. "నిన్నడిగితే ఉంటాననే అంటావు. జీతమిచ్చే ఇంట్లో ఇంకేమంటావు? వీటికి మొహమాటం లేదు."

అదీ చెప్పాను. లక్షుమ్మ మంచం అంచున కూర్చుంది.

"నిజమే మేడం. అడిగింటే ఉంటాననే చెప్పింటా." మళ్ళీ తనే, "ఇప్పుడు ఉంటానని చెప్పను. ఈ ఇఖామా, ఈడ ఉండే పర్మిట్టు, గడువైపోతానే నేను పోవాల, నా కూతురు నీళ్ళోసుకునుండాది. కానీ చెప్పకుండా పోను. పోయే ముందర ఈడనే కూచోని, నా నోటితో చెప్పి పోతా. ఆ మాట చెప్పండి."

ఒక్క ముక్క కలపకుండా, ఒక్క ముక్క తీయకుండా చెప్పాను.

గలీనా ఆమె మొహంలోకి చూసింది, గింజల్లోకి చూసినంత సేపు. తర్వాత మంచి చేత్తో మూడు వరుసలనీ చెరిపేసి, గింజల్ని పక్కకి నెట్టి, నోరు తెరిచింది. లక్షుమ్మ సూపు ఊది, మొదటి చెంచా పెట్టింది.